ఒంటిపుస్తె

మా ఆవిడ రామతులసి మెడలో ఒక్క పుస్తే ఉంటుంది. మామూలుగా రెండుండాలి. ఒకటి పుట్టింటివాళ్ళు పెట్టేది, ఒకటి అత్తింటివాళ్ళు పెట్టేది. రెండోది ఏమైందని ఎవరు అడిగినా నేనొక కథ చెప్తాను. బ్యారేజీ దిగువన రేవులో ఆవిడ స్నానం చేస్తుంటే మొసలి మెడమీదికి ఎగిరిందనీ, నేను పట్టుకారుతో దాని ముక్కు పట్టుకుని గుంజేసరికి పుస్తె మింగి పారిపోయిందనీ, ఆ మొసలి ఇప్పటికీ ఇబ్రహీంపట్నం ఎదుట ఇసుకతిన్నె మీద పడుకుని ఎండలో పళ్ళు తళతళలాడిస్తూ ఉంటుందనీ. పిల్లలు నమ్ముతారు. పెద్దవాళ్ళు నమ్మినట్టు తలూపుతారు. కంసాలి హనుమయ్య కోతలు కృష్ణా జిల్లాలో తెలియనిదెవరికి? వెంట్రుకను నిలువునా చీల్చి రెండు ముక్కలకూ బంగారు పూత పూశానని చెప్పి ఒక తహసీల్దారు చేత కాఫీ ఇప్పించుకున్నవాణ్ణి నేను.

మొన్న మా మనవరాలు, కాలేజీలో చదివే పిల్ల, "తాతయ్యా, మొసలి కథ చాల్లే, అసలు సంగతి చెప్పు" అంది. చెప్పడం మొదలుపెట్టాను. సగంలోనే నా గొంతు పెరిగిపోయి పక్కింటివాళ్ళు గోడమీదుగా తొంగి చూశారు. ఇన్నేళ్ళు గడిచాయి, కోపం చల్లారలేదు. ఇక చల్లారదు కూడా. అందుకని కాగితం మీద పెడుతున్నాను. ఇందులో ఒక్క కోత కూడా లేదు. ఉంటే బాగుండేది.

దివిసీమకు ఉప్పెన వచ్చిన ఏడు, డెబ్బై ఏడు కార్తీకం. అప్పుడు మేం విజయవాడ వన్‌టౌనులో ఉండేవాళ్ళం. ముందుగదిలో నా కుంపటి, వెనకగదిలో మా కాపురం. మా ఆవిడ అన్నగారు జానకిరామయ్య రెండు సందుల అవతల ఉండేవాడు. ఐదో తరగతితో పలక పారేసి పామర్రు దగ్గర మా ఊరినుంచి వచ్చిన నాకు పని నేర్పింది ఆయనే. తండ్రి లేని చెల్లెల్ని నాకిచ్చి పెళ్ళిచేసిందీ ఆయనే. కాబట్టి ఆయన్ని తిట్టడానికి నాకు నోరు రావడం చాలా ఆలస్యమైంది. వచ్చాక మాత్రం ఆగలేదు.

బంగారం కంట్రోలు చట్టం వచ్చాక మావాళ్ళు చాలామంది కుంపట్లు ఆర్పేసి సోడాబళ్ళు తోసుకుంటూ బతుకుతుంటే, జానకిరామయ్య సంఘం పెట్టి, గ్రాంటు తెచ్చి, కాలువగట్టున ఒక పాత బియ్యం గోడౌనులో బంగారప్పని బడి తెరిచాడు. గుణదల నుంచి కృపానందం అనే పాతికేళ్ళవాడు చేరతానని వస్తే, మన కులంవాడు కాడు, మన మతంవాడూ కాడని సంఘంలో పెద్దలు గొణిగారు. "పట్టుకారుకు కులమేంటయ్యా, మూసకు మతమేంటయ్యా" అని అందరి నోళ్ళూ మూయించి మరీ చేర్చుకున్నాడు. అలాంటి మనిషి. నేను పొద్దుటిపూట వెళ్ళి టంకం వేయడం, ఆకురాయి పట్టడం నేర్పేవాణ్ణి. కరిగింపు పాఠం మాత్రం ఆయనదే.

ఆ పాఠం నిప్పుతో మొదలయ్యేది కాదు, ప్రశ్నతో మొదలయ్యేది. పాత నగ ఏది కరిగించాల్సి వచ్చినా ముందు తెచ్చినవాళ్ళను అడగాలి, "ఎవరి ఒంటిమీదది?" అని. వాళ్ళు పేరు చెప్పాలి. బతికున్న మనిషిదైతే పేరు చాలు. పోయిన మనిషిదైతే దానికింత పసుపు రాసి మట్టిమూసలో వేస్తాం, కరిగేదాకా ఆ ఇంటివాళ్ళెవరో ఒకరు ఎదురుగా కూర్చోవాలి. పేరు చెప్పలేనివాడి నగ వాడి చేతుల్లోనే తిరిగి పెట్టెయ్యాలి. ఇది మా గురువుల కాలం నాటి వాడుక. దొంగసొత్తు పట్టుకోవడానికని కొందరు అంటారు. జానకిరామయ్య అలా చెప్పేవాడు కాదు.

"కరిగాక నగ ఇక ఎవరిదీ కాదు. ఎవరిదీ కాకముందు ఒక్కసారి ఎవరిదో పైకి అనాలి. అనిపించకుండా ఊదేవాడు కంసాలి కాదు, వట్టి ఊదుగొట్టం" అనేవాడు. ఆ మాట కొత్తగా చేరినవాళ్ళందరిచేతా వల్లె వేయించేవాడు. గోడౌను రేకుల కింద ఆ గొంతు ఖంగున మోగేది. నాకు ఒళ్ళు పులకరించేది. ఇప్పుడు ఆ గొంతు గుర్తొస్తేనే ఒళ్ళు మండుతుంది.

ఉప్పెన పూట బెజవాడలో మా పెంకులు లేచిపోయాయి, వీధిలో స్తంభాలు ఒరిగాయి. మాకెంత కష్టం వచ్చిందోనని వాపోయాం. తర్వాత దివి నుంచి మనుషులు రావడం మొదలైంది. ఇక పెంకుల మాట మేమెవ్వరం ఎత్తలేదు.

అలా వచ్చినవాళ్ళలో అంతోని ఒకడు. మధ్యాహ్నంవేళ గుమ్మంలో నిలబడ్డాడు. ఎవరో దానమిచ్చిన చొక్కా మోకాళ్ళదాకా వేలాడుతోంది. వెంటనే పోల్చుకోలేకపోయాను. సముద్రం ఒడ్డు పల్లె వాళ్ళది. ఆ వేసవిలోనే పెళ్ళయింది, పుస్తెలు నేనే చేశాను. రెంటిమీదా సిలువలు పెట్టాలి. పుట్టింటి పుస్తె మీద సిలువకు టంకం వేస్తుంటే వీధిలో ఎవడితోనో పరాచికాలాడాను. అది కాస్తా పక్కకు ఒరిగింది. ఊడదీసి మళ్ళీ వేస్తానంటే పెళ్ళికూతురు సంపూర్ణమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఉండనీండి ఆచారిగారూ. ఇది మా నాయన పెట్టే పుస్తె గదా. పొద్దుగూకితే ఆయన నడకా ఇట్టాగే ఉంటది" అంది. అంతోని పగలబడి నవ్వాడు. వాళ్ళ నాయన అక్కడే ఉన్నాడు. ఆయన ఇంకా గట్టిగా నవ్వాడు.

ఇప్పుడు ఆ అంతోని గుమ్మం దాటకుండానే అన్నాడు, "ఆచారిగారూ, సంపూర్ణ కనపట్టంలేదండి."

రామతులసి మంచినీళ్ళు తెచ్చి, లోపలికి రమ్మని పీట వేసింది. కూర్చున్నాడు. నీళ్ళు తాగలేదు, చెంబు పట్టుకునే కూర్చున్నాడు.

"నీళ్ళొచ్చినప్పుడు నేను కూలికి అవనిగడ్డలో ఉన్నానండి. పోయేసరికి ఇల్లు లేదు. మావ కనపడ్డాడు. ఈ చేతుల్తోనే పూడ్చాను. సంపూర్ణ కనపళ్ళేదు. ఒకామె బందరాసుపత్రిలో చూశానంది. పోయాను, లేదు. గుంటూరు పంపారన్నారు. అక్కడికీ పోయాను. ఇంకొకాయన, సిలువ పుస్తెలున్న మనిషిని మిగతావాళ్ళతో కలిపి కాల్చేశామన్నాడు. సిలువ పుస్తెలు మా పల్లెలో ఆడాళ్ళందరికీ ఉంటాయి గదండీ."

"ఏ ఊళ్ళోనో క్షేమంగా ఉందేమో నాయనా" అంది మా ఆవిడ.

"ఆ మాటొకళ్ళంటారమ్మా. గుళ్ళో ప్రార్థన పెట్టించుకోమని ఇంకొకళ్ళంటారు. బతికున్న మనిషికి ఎట్టా పెట్టించేది? పోయిన మనిషికి పెట్టించకుండా ఎట్టా తిరిగేది?" చెంబు కింద పెట్టాడు. "ఆచారిగారూ, అక్కడ శవాల మీది బంగారం ఒలుచుకుపోతన్నారు. అదంతా బెజవాడే చేరుతదంట. ఆ వంకర సిలువ మీ చేతికొస్తే మీకు తెలుస్తది గదా?"

"నా చెయ్యి నాకు తెలియకపోవడమేంటి? కళ్ళు మూసుకుని తడిమినా చెప్తాను."

"రాకపోతే బాగుండండి" అన్నాడు. "వస్తే మాత్రం దాచొద్దు. పైవారం ఆదివారం మళ్ళీ వస్తాను."

నాకు ఆ పూట ఒక్క చమత్కారం కూడా తోచలేదు. మా ఆవిడ వాడి చేత బలవంతాన నాలుగు ముద్దలు తినిపించి పంపింది. వాడు సందు మలుపు తిరగ్గానే నేను ఉత్తరీయం భుజాన వేసుకుని జానకిరామయ్య ఇంటికి వెళ్ళి మొత్తం చెప్పాను. ఒరిగిన సిలువ సంగతీ చెప్పాను, అది పుట్టింటి పుస్తె అనీ చెప్పాను. "అలాంటి సొత్తు మన బజారుకొస్తే ఎవరూ ముట్టొద్దని సంఘం తరఫున చాటింపు వేయిద్దాం బావా" అన్నాను.

"వేయిద్దాం, వేయిద్దాం" అన్నాడు. "ఎంత ఘోరం, ఎంత ఘోరం." అప్పుడే తమలపాకుకు సున్నం రాస్తున్నాడు. తలెత్తలేదు. సున్నం ఎక్కువైందేమో అనుకున్నాను. అంత తెలివి నాది.

చాటింపు వేయించలేదు.

అంతోని వస్తానన్నదానికి ముందురోజు, శనివారం పొద్దున నేను బడికి వెళ్ళేసరికి నా పాఠం జరిగే చోట ఎవరూ లేరు. అందరూ గోడౌను చివర కరిగింపు కుంపటి చుట్టూ మూగి ఉన్నారు. మామూలుగా బడిలో అభ్యాసమంతా రాగి మీదే. బంగారం చూపించడమంటే పండగ. దగ్గరికి వెళ్ళాను. బంగారానికి వాసన ఉండదంటారు. ఆ బంగారానికి ఉంది. పాచిపట్టిన ఉప్పునీటి బురద వాసన. తువ్వాలు మీద కుప్పగా పోసి ఉంది. కమ్మలు, ముక్కుపుడకలు, నల్లపూసలు చిక్కుపడ్డ పుస్తెలు. గాజులన్నీ ఒక్కోచోట తెగి ఉన్నాయి. తీసిన గాజులు కావవి. కత్తిరించినవి.

కుంపటి పక్కన అప్పటికే ఒక కడ్డీ చల్లారుతోంది. రెండో మూస నిప్పుల మీద ఉంది. దాని ముందు కృపానందం ఊదుగొట్టం చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. ఊదడంలేదు.

"ఊదవేంటయ్యా? నిప్పు చల్లారిపోతోంది" అన్నాడు జానకిరామయ్య.

"మీరు అడగలేదు మాస్టారూ."

"ఏమడగలేదు?"

"ఎవరి ఒంటిమీదదని."

"తెచ్చినవాళ్ళు ఇక్కడుంటే గదా అడగడానికి! ఊదు."

"తెచ్చిందెవరండీ మరి?"

"నీకు స్టయిపెండు ఇచ్చేది పని నేర్చుకోవడానికి, నన్ను విచారణ చెయ్యడానికి కాదు."

"అడగమని నేర్పింది తమరే గదండీ" అన్నాడు కృపానందం. ఊదుగొట్టం కింద పెట్టేశాడు. మిగతావాళ్ళు తలలు వంచుకున్నారు. ఇంతకుముందు మూస ఊదింది వాళ్ళలోనే ఎవరో. ఎవరో నేను అడగలేదు. వాళ్ళ తప్పేముంది? గురువు ఊదమంటే ఊదారు. నాకు కోపం రగిలింది అక్కడే. దొంగ బంగారం చీకటి గదుల్లో కరిగించేవాళ్ళు మా బజారులో అంతకుముందూ ఉన్నారు, తర్వాతా ఉన్నారు. వాళ్ళు కనీసం తలుపులు వేసుకుంటారు. ఈయన నల్లబల్ల ముందు, పాఠమని పేరు పెట్టి, పరాయి బిడ్డల ఊపిరితో చేయించాడు.

తువ్వాలు మీదికి వంగి ఒకటి తీశాను. ఒరిగిన సిలువ. వీధిలో ఎవడితోనో పరాచికాలాడుతూ వేసిన టంకం.

"బావా, ఇది సంపూర్ణమ్మది."

"ఏ సంపూర్ణమ్మ?"

"అంతోని పెళ్ళాం. మొన్న మీ ఇంటికొచ్చి చెప్పాను గదా, సున్నం రాసుకుంటూ విన్నావు."

జానకిరామయ్య అందర్నీ బయటికి పొమ్మన్నాడు. ఎవరూ కదల్లేదు. గద్దిస్తే నాలుగడుగులు వెనక్కి జరిగారు, అంతే.

"నేను చూసుకోలేదు హనుమయ్యా" అన్నాడు.

"చూసుకోలేదా? చూడదల్చుకోలేదా?"

"చూస్తే ఏమయ్యేది? ఆ పిల్ల లేచొచ్చేదా? పోయినవాళ్ళకు బంగారమెందుకు? గ్రాంటు ఆగిపోయింది, వీళ్ళ స్టయిపెండు ఎక్కణ్ణుంచి తేను? సంవత్సరమంతా రాగి గీకినవాడికి పెళ్ళిళ్ళ కాలంలో ఏ కొట్టువాడు పనిస్తాడు? వీళ్ళ చేతులు బంగారం మీద తిరగాలని..."

"వీళ్ళ కోసం చేశావన్నమాట."

"వీళ్ళ కోసం కాకపోతే ఎవరి కోసం?"

"మొదటిరోజు వీళ్ళచేత వల్లె వేయించిందో?"

ఆయన ముఖం ఎర్రబడింది. చెయ్యి చాచాడు. "ముందు అది ఇటివ్వు. గుర్తున్న ముక్క ఒక్కటి మిగిలినా బడి మూతపడుతుంది, అందరం లోపలికి పోతాం."

ఏం చెయ్యాలో తోచలేదు. పిడికిట్లో ఉంటే లాక్కుంటాడు, బలమైన మనిషి. నోట్లో వేసుకున్నాను. బుగ్గకు నొక్కిపెట్టి పళ్ళు బిగించాను.

ఉప్పగా ఉంది. ఎంత ఉప్పంటే, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఉమ్ము" అన్నాడు జానకిరామయ్య. "హనుమయ్యా, ఉమ్మేసెయ్యి." నా నోరు మూయించాలని ఏళ్ళతరబడి ప్రయత్నించినవాళ్ళు బెజవాడ నిండా ఉన్నారు. అప్పుడు చూసి ఉంటే పండగ చేసుకునేవాళ్ళు. తువ్వాలంతా కెలికి రెండో పుస్తె కోసం వెతికాను. సరిగ్గా నిలబడ్డ సిలువది, అంతోని పెట్టినది. లేదు. చల్లారుతున్న కడ్డీ వంక చూశాను. అది నున్నగా, ఏ ముఖమూ లేకుండా, మెరుస్తూ ఉంది. బయటికి నడిచాను. కాలువగట్టు పొడుగునా తెలిసినవాళ్ళు పలకరిస్తూనే ఉన్నారు. "ఏం హనుమయ్యా, మాటలయిపోయాయా?" అని ఒకడు వేళాకోళమాడాడు. అయిపోయాయి.

ఇంటికొచ్చి మా ఆవిడ ముందు అరచేతిలోకి తీశాను. చూసింది. చెంబుతో నీళ్ళు తెచ్చి కడిగింది. పసుపు రాసింది. కొంగున ముడేసుకుంది.

"అన్నయ్య దగ్గరా?" అంది.

"నీకెలా తెలిసింది?"

"ఇంకెవరి దగ్గరైనా అయితే మీరు గుమ్మంలోంచే అరుచుకుంటూ వచ్చేవాళ్ళు."

దీపాల వేళకు జానకిరామయ్య వచ్చాడు. చెల్లెలు పెట్టిన కాఫీ తాగాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, పని నేర్పిన రోజుల్లో మాట్లాడినంత మెత్తగా మాట్లాడాడు.

"రేపు ఆ అబ్బాయి వస్తాడు. పుస్తె ఇచ్చెయ్యి, నేను కాదనను. వాడికి కావలసింది పెళ్ళాం ఉందా పోయిందా అన్నది. అది తెలిసిపోతుంది. ఎక్కణ్ణుంచి వచ్చిందన్నది మాత్రం వేరే చెప్పు. నీళ్ళు తీశాక తుమ్మకంపకు చిక్కుకుని దొరికిందనీ, ఎవరో పుణ్యాత్ముడు తెచ్చి ఇచ్చాడనీ. నీకు నేర్పాలా? బ్యారేజీ మొసలికి ముక్కుపుడక పెట్టానని ఊరందరినీ నమ్మించినవాడివి! నా కోసం ఈ ఒక్కటీ కొయ్యలేవూ?"

ఆయన చెల్లెలివైపు తిరిగాడు. "నువ్వన్నా చెప్పమ్మా. నీ పుట్టిల్లు బజార్న పడుతుంది."

రామతులసి బియ్యంలో రాళ్ళేరుతోంది. "పుట్టింటివాళ్ళు పెట్టిందే అన్నయ్యా అది" అంది.

"ఏది?"

"ఆ వంకరది."

జానకిరామయ్య చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

నేను ఊరుకున్నానా అంటే ఊరుకోలేదు. పడుకుని కథ అల్లాను. తుమ్మకంప ఏం బాగుంటుంది, గూడబాతు ముక్కున కరుచుకొచ్చి చర్చి గంట మీద వాలిందని పెట్టాను. గంట దానంతటదే మోగిందన్నాను. చాలా బాగా కుదిరింది. అంతోని నమ్మేస్తాడు, ఏడుస్తాడు, ఊరంతా చెప్పుకుంటాడు. అంత బాగా కుదరడం చూసి నాకే అసహ్యమేసింది. నా కోతలు విన్నవాడు కాసేపు నవ్వుకుని లేచిపోతాడు, వాడిదంటూ ఏదీ పోదు. ఈ కోతతో ఆ పిల్ల మెడలోది రెండోసారి కూడా పోతుంది. నా కథల్ని, నా ఒక్క సరదాని, నా బావ తన మూస మీద మూత చేసుకుంటానన్నాడు. గోడవైపు తిరిగి పళ్ళు కొరుక్కుంటూ పడుకున్నాను. అయినా పొద్దున లేచేసరికి కథ నాలుక చివరే ఉంది. ఎంతైనా బావ. ఎంతైనా గురువు.

అంతోని వచ్చాడు. అదే చొక్కా. గుమ్మంలోనే నా ముఖం చూసి ఆగిపోయాడు.

"కూర్చో అంతోనీ" అన్నాను. ఇక మొదలుపెట్టాలి. నోరు తెరిచాను. ఉప్పు తగిలింది. నిన్న పదిసార్లు పుక్కిలించిన నోరు.

మా ఆవిడ మజ్జిగ గ్లాసు తెచ్చి వాడి ముందు పెట్టింది. కొంగు ముడి విప్పి, పుస్తె వాడి చేతిలో పెట్టింది.

"మా అన్నయ్య బడిలో దొరికింది నాయనా. ఎవరు తెచ్చారో ఆయన అడగలేదు. రెండోదాన్ని అప్పటికే కరిగించేశారు" అంది. మజ్జిగలో ఉప్పు వేశానో లేదో చూసుకో అన్నంత మామూలుగా అంది. లోపలికి వెళ్ళిపోయింది.

అంతోని బొటనవేలితో సిలువను తడిమాడు. "మావ పెట్టింది" అన్నాడు. పిడికిలి మూసి, "అయితే కరిగింది నేను పెట్టింది" అన్నాడు.

నేను తలూపాను.

వాడు అరుస్తాడనుకున్నాను. మా బావ పేరు చెప్పి బూతులు తిడతాడనుకున్నాను. తిడితే నేనూ గొంతు కలపాలని సిద్ధంగా ఉన్నాను. వాడు కుంపటి ఎదురుగా పీట జరుపుకుని కూర్చున్నాడు.

"పెళ్ళికి ముందు పాత కమ్మలు కరిగించినప్పుడు మీరు సంపూర్ణను ఒక మాట అడిగారండి. అదేదో అడిగితే గాని ఊదరంట గదా."

"అవును."

"నేను పెట్టినదాన్ని ఎవరూ అడగలేదన్నారు అమ్మగారు. ఇప్పుడు అడగండి."

"కరిగిపోయినదాన్నా?"

"ఆ."

కుంపట్లో నిప్పు లేదు. మూస లేదు. చేతిలో ఊదుగొట్టమైనా లేదు. మఠం వేసుకుని కూర్చుని అడిగాను.

"ఎవరి ఒంటిమీదది నాయనా?"

"సంపూర్ణమ్మదండి" అన్నాడు. "అంతోని పెళ్ళాం సంపూర్ణమ్మది."

ఆ వారమే వాళ్ళ గుళ్ళో ప్రార్థన పెట్టించాడని తెలిసింది. పుస్తెను తనే మొలతాడుకు కట్టుకున్నాడట.

నేను, కృపానందం కలిసి పోలీసుస్టేషనుకు వెళ్ళాం. "కరిగిన దానికి ఆనవాలేదయ్యా?" అన్నాడు అక్కడి పెద్దమనిషి. ఆనవాలు ఉండకూడదనే గదయ్యా కరిగించేది అంటే, నాకు వెటకారం ఎక్కువని బయటికి పంపాడు. నేను బడి మానేశాను. కృపానందమూ మానేసి మా ఇంట్లో నా కుంపటి దగ్గరే పనికి కూర్చున్నాడు. మిగతావాళ్ళు మానలేదు. వాళ్ళకు స్టయిపెండు కావాలి. నాకు వాళ్ళ మీద కోపం లేదు, కాస్త ఉంది.

ఇక జానకిరామయ్యకు ఏమైందంటారా? మాఘంలో సన్మానం జరిగింది. చేతివృత్తికి చేసిన సేవకు, పేదపిల్లలకు చెప్పిన విద్యకు. పెళ్ళిళ్ళు ముమ్మరంగా ఉన్న రోజులు. ఆ కడ్డీలు అప్పటికే గొలుసులై, వంకీలై, తెలియని పెళ్ళికూతుళ్ళ ఒంటిమీదికి ఎక్కేసి ఉంటాయి. పాపం, వాళ్ళకేం తెలుసు. గోడౌను ముందు షామియానా వేశారు. నేను వెనక వరసలో నిలబడ్డాను. ఆయన మైకు ముందుకొచ్చి, అదే ఖంగుమనే గొంతుతో, "అనిపించకుండా ఊదేవాడు కంసాలి కాదు, వట్టి ఊదుగొట్టం" అన్నాడు. చప్పట్లు మోగాయి. ఎవరో శాలువా తెచ్చి భుజాల మీద కప్పారు.

"ఎవరి ఒంటిమీదది బావా?" అని అరిచాను.

షామియానా మొత్తం గొల్లుమంది. హనుమయ్య శాలువా మీద మేలమాడాడనుకున్నారు. మళ్ళీ అరిచాను, గొంతు చిరిగేలా. ఇంకా నవ్వారు. అంతకాలం నవ్వించిన పాపం అలా నా నెత్తినే పడింది. కోపంతో నిలువెల్లా వణుకుతున్నవాణ్ణి చూసి కడుపులు పట్టుకుని నవ్వారు. వేదిక మీద ఒక్కడే నవ్వలేదు. శాలువా అంచు సర్దుకుని, కుర్చీలో కూర్చున్నాడు.

ఇంటికొచ్చి జరిగింది చెప్పాను. మా ఆవిడ వింటూనే మెడలో తాడు ముందుకు లాక్కుని, పసుపుముడి విప్పి, పుట్టింటి పుస్తె బయటికి తీసింది. అది ఆమెకు అన్నగారు పెట్టినది. ఆయన స్వయంగా కొట్టి చేసినది, సన్నని అంచుతో, నేనెన్నటికీ చెయ్యలేనంత నాజూకుగా. మిగిలిన ఒక్కదాన్ని తాడుకు మళ్ళీ ముడేసుకుంది. కృపానందాన్ని పిలిచింది.

"ఇది మా అన్నయ్యకు ఇచ్చిరా బాబూ. ఎవరి ఒంటిమీదదో అడక్కుండా కరిగించుకోమన్నానని చెప్పు."

వాడు వెళ్ళి వచ్చాడు. "తీసుకున్నారా?" అని నేనే ముందడిగాను.

"చెయ్యి చాచలేదండి. ఎదురుగా పీట మీద పెట్టి వచ్చాను."

మా ఆవిడ తర్వాత ఆ ఇంటి గడప తొక్కలేదు. ఆయన పోయినప్పుడు కూడా వీధి చివర దాకా వెళ్ళి, నిలబడి, తిరిగి వచ్చింది. ఎందుకు వెళ్ళావని నేను అడగలేదు, ఎందుకు వెనక్కి వచ్చావనీ అడగలేదు.

ఇక్కడిదాకా రాసి మనవరాలికి ఇచ్చాను. చదివి, లేచి వంటింట్లోకి వెళ్ళింది. నేను చెవి అటే వేసి కూర్చున్నాను.

"నాయనమ్మా, తాతయ్య రాసింది నిజమేనా?"

"మీ తాత చెప్పేవన్నీ కోతలే" అంది మా ఆవిడ. గిన్నె కడిగిన చప్పుడు. తర్వాత, "మొసలి మాట ఒక్కటే నిజం" అంది.